ఊళ్లో రెండు వర్గాల తగువు: ఎవరి నీతి ఎక్కడ తగిలిందో పట్టుకోవడం ఎలా

"వాళ్లకి నీతీ జాతీ లేదండీ" అన్న మాట వినపడిందంటే, తగువు గట్టు మీదా మైకు మీదా ఆగకుండా మనుషుల మీదికి పాకినట్టే. గోదావరి డెల్టాలో ఈ మాట రొయ్యల చెరువుల దగ్గర వినపడుతుంది, జాతర ఊరేగింపు దగ్గర వినపడుతుంది, సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర వినపడుతుంది. దాదాపు ప్రతిసారీ అది తప్పే. అవతలివాళ్లకీ నీతి ఉంది, మీకున్న నీతే ఉంది. కాకపోతే మీరు ముందు పెట్టినదాన్ని వాళ్లు నాలుగోది చేశారు, లేదా "మనవాళ్లు" అన్న గీత మీకంటే దగ్గరగా గీసుకున్నారు.

ఆ వరసనీ ఆ గీతనీ కాగితం మీదికి తెచ్చే పద్ధతి ఇది. తీర్పు చెప్పేది కాదు, తీర్పుకో రాజీకో ముందు చేసుకోవాల్సిన పని. నీటి సంఘం వాళ్లు, బడి పంతుళ్లు, ఆలయ కమిటీ వాళ్లు, పాస్టర్లు, పొదుపు సంఘాల ఆడవాళ్లు ఎవరైనా చేయొచ్చు. పది పన్నెండు రోజులు పడుతుంది.

ముందుగా మనుషుల్ని ఎంచుకోండి

ముగ్గురు కావాలి. వైపుకొకరు, మూడో మనిషి ఎటూ చెందనివాళ్లు. ముగ్గురిలో కనీసం ఒక్కరు ఆడమనిషి ఉండాలి. లేకపోతే ఇళ్లలో ఆడవాళ్లు అనుకునేది మీ చెవిన పడదు, తగువులో సగం అక్కడే ఉంటుంది.

మనిషి పనికొస్తాడో లేదో తెలుసుకోడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. గడిచిన ఏడాదిలో రెండు వైపులా పెళ్లిళ్లకి వెళ్లాడా, వెళ్లి భోజనానికి కూర్చున్నాడా? చదివింపులు చదివించి, వక్కపొడి నోట్లో వేసుకుని బయటపడ్డవాడు లెక్కలోకి రాడు. ఎవరు ఎవరింట్లో తింటారో ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఈ పరీక్షని ఎవరూ కాదనలేరు.

సర్పంచి ఉండొచ్చా అంటే, పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉంటే వద్దు. ఆయన ఎంత నిజాయితీగా చేసినా ఓట్ల లెక్కే అంటారు.

ఇంకా కావాల్సినవి 200 పేజీల నోటుబుక్కు ఒకటి, రెండు రంగుల పెన్నులు. ఫోన్లో రికార్డు చేయకండి. ఆ క్లిప్పు సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో తేలుతుంది, ఆ తర్వాత మీతో ఎవరూ మాట్లాడరు.

1. తగువును ఒకే వాక్యంలో రాయండి

రెండు వైపులవాళ్లూ విని "అవును, ఇదే" అని తలూపేలా ఉండాలి ఆ వాక్యం. ఒక ఊళ్లో అమ్మవారి జాతర ఊరేగింపు క్రైస్తవుల ప్రార్థన మందిరం వీధిలోంచి వెళ్లడం మీద గొడవ నడుస్తోందనుకోండి. "కావాలని మా మందిరం ముందు డీజే మోగిస్తున్నారు" అనేది ఒక వైపు మాట. "మా అమ్మవారిని అడ్డుకుంటున్నారు" అనేది రెండో వైపు మాట. మీరు రాయాల్సింది: "జాతర రాత్రి ఊరేగింపు ఆ వీధిలోకి ఎన్ని గంటలకి, ఎంత చప్పుడుతో రావాలన్నది తేలలేదు."

"కావాలని", "ఎప్పుడూ", "అందరూ" అన్న మూడు మాటలు కనపడితే కొట్టేయండి. ఎంత రాసినా ఒక్క వాక్యంలో ఇమడకపోతే రెండు తగువులు కలిసి పెనవేసుకున్నాయన్నమాట. సాధారణంగా అడుగున ఒక పాత ఎన్నికో, ఇంటి స్థలం పట్టాయో, కులాలు దాటిన పెళ్లో ఉంటుంది. దాన్ని వేరే పేజీలో రాసి పక్కన పెట్టండి, చింపకండి. ఇంకోటి, డెల్టాలో మతం తగువని పేరుపడ్డ చాలావాటి అడుగున ఉండేది కులమే. రాసేటప్పుడు మొహమాటపడి దాన్ని దాటేస్తే మిగతా పనంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

2. మాటలు పోగుచేయండి

వైపుకి 15 మంది చొప్పున కలవండి. పెద్దలు ముగ్గురికి మించొద్దు. వాళ్ల దగ్గర తయారుగా ఉన్న మాటలే దొరుకుతాయి. మిగతావాళ్లలో కుర్రాళ్లు, ఆడవాళ్లు, కౌలు రైతులు, కూలికి వెళ్లేవాళ్లు ఉండాలి. ఒక్కొక్కరినే కలవాలి. టీ కొట్టు దగ్గర నలుగురిలో అడిగితే నలుగురూ ఒకే మాట చెబుతారు. పొద్దున్నే బోదె దగ్గరో, మధ్యాహ్నం కొబ్బరి ఒలుపు దగ్గరో, పంటు కోసం రేవులో ఎదురుచూసేటప్పుడో అడిగితే నిజం బయటికొస్తుంది. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు తేలిగ్గా కదులుతుంది.

మూడే ప్రశ్నలు అడగండి.

"ఇందులో మీకు బాగా కష్టం కలిగించిందేంటండీ?"

"ఇలాంటి పని చేయకూడదని మీ పిల్లలకి మీరు చెప్పేదేదైనా వాళ్లు చేశారా?"

"అవతలివాళ్లలో ఫలానా మనిషి మంచివాడు అని మీరనుకునేవాళ్లు ఉన్నారా? ఏం చేశాడని?"

మూడోది అడగడానికి బెరుకుగా ఉంటుంది. అన్నిటికన్నా విలువైనది అదే. "మా నాన్న పోయినప్పుడు పాడె పట్టాడండీ", "తుపానుకి ఇల్లెగిరిపోతే మమ్మల్ని వాళ్ల మేడ మీద ఉంచుకున్నారు", "కౌలు బస్తాలు తగ్గించాడు ఆ ఏడు" లాంటి మాటలు వస్తాయి. అవతలివాళ్లలో ఏ గుణాన్ని మెచ్చుకుంటున్నారో అదే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న విలువ.

"ఎందుకు" అని మొహం మీద అడగొద్దు, మనిషి వెంటనే వాదనకి దిగుతాడు. అన్నమాటని అన్నట్టే రాయండి. "పరువు పోయిందండీ" అంటే "పరువు పోయింది" అనే రాయాలి, "మనోభావాలు దెబ్బతిన్నాయి" అని పేపరు భాషలోకి మార్చొద్దు. పేర్లు రాయొద్దు. వైపుకొక రంగు, మనిషికొక అంకె చాలు.

3. మాటల్ని ఏడు గళ్లలో సర్దండి

2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆలివర్ స్కాట్ కర్రీ, ఆయన సహచరులు లోకంలోని 60 సమాజాల గురించి మానవశాస్త్రవేత్తలు రాసిపెట్టిన వివరాలు తిరగేశారు. ఏడు రకాల పనుల్ని ఆయా జనం మంచివంటున్నారా చెడ్డవంటున్నారా అని చూశారు. దొరికిన 962 సందర్భాల్లో 961 చోట్ల మంచివనే తేలింది. ఆ ఏడూ మనకి కొత్తవేం కాదు, ఒక్కోదానికి ఇంట్లో వాడే మాటలే ఉన్నాయి.

అయినవాళ్లని చూసుకోవడం. "పరీక్షలు రాసే పిల్లలున్నారండీ", "ముసలాయనకి గుండె జబ్బు" అన్నవి ఈ గడిలోకి.

మనవాళ్ల పక్కన నిలబడటం. "మా పేటంతా ఒక మాట మీదున్నాం."

ఇచ్చిపుచ్చుకోవడం. దీన్ని వివరించడానికి చదివింపుల పుస్తకం చాలు. మన పెళ్లిలో వాళ్లు 516 చదివిస్తే, వాళ్లింట పెళ్లికి అంతకి తగ్గకుండా చదివించాలి. ఆ లెక్క తప్పినవాణ్ణి ఊరు మర్చిపోదు. "వాళ్ల మైకుకి మేం ఊరుకోలేదా" అన్న మాట డబ్బు లేని చదివింపుల లెక్కే.

తెగువ. మన వైపు పౌరుషం అంటాం. "వెనక్కి తగ్గితే మగాళ్లమేనా" అన్నది ఇక్కడికి, సంక్రాంతి బరి దగ్గర వినపడే మాటల్లో సగం ఇక్కడికి.

పెద్దల మాట వినడం. "పెద్దల మాట చద్దిమూట."

పంచుకోవాల్సినదాన్ని సమంగా పంచుకోవడం. దాళ్వాలో (రెండో పంటలో) నీళ్ల వంతు తెలిసినవాళ్లకి ఈ గడి గురించి చెప్పక్కర్లేదు. ఎగువన తూము దగ్గరున్నవాడికీ శివారు భూమివాడికీ రావాల్సింది వస్తుందా అన్నదే.

ముందునుంచీ ఒకరి చేతిలో ఉన్నదాని జోలికి పోకపోవడం. "తాతల నాటి నుంచీ ఇదే దారండీ."

ఇప్పుడు మీ నోటుబుక్కులో ఏడు గళ్లు గీసి ప్రతి మాటనీ ఒకదాంట్లో పెట్టండి. రెండిట్లో పడితే రెండిట్లోనూ రాయండి. ఎందులోనూ ఇమడనివి కొన్ని మిగులుతాయి. "మైలపడింది", "అమ్మవారి ముందు చెప్పులేంటి", "నోరు లేని జీవం కదండీ" లాంటివి. వీటికి ఎనిమిదో పేజీ పెట్టుకోండి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ హైట్ బృందం పవిత్రతనీ, బాధపడేవాటి మీద జాలినీ విడివిడి విలువలుగానే లెక్కేస్తుంది. డెల్టాలో ఈ ఎనిమిదో పేజీ ఖాళీగా ఉండే తగువు అరుదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. రాసేవాళ్లు తమ వైపు మాటల్ని "సమానత్వం" గడిలోనూ అవతలి మాటల్ని "పౌరుషం" గడిలోనూ పడేస్తుంటారు. అందుకే నోటుబుక్కుని ఎదుటి వైపు మనిషి చేతికిచ్చి మళ్లీ సర్దమనండి. ఇద్దరి సర్దుబాటూ కలవని మాటల దగ్గర ఆగి మాట్లాడుకోండి.

4. వరస పట్టుకోండి

ఏడూ అందరికీ మంచివే అయితే తగువెందుకు? రెండు మంచివి ఎదురెదురు పడ్డప్పుడు ఏది గెలుస్తుందన్న దగ్గర మనుషులు విడిపోతారు. పైన చెప్పిన 962లో మిగిలిన ఆ ఒక్కటీ చూడండి. పసిఫిక్ సముద్రంలోని చూక్ దీవుల్లో అందరూ చూస్తుండగా ఒకరిది లాక్కుంటే మెచ్చుకుంటారని రాసి ఉంది. దొంగతనం అక్కడా మంచిదని కాదు. ఎవరికీ జంకనని చూపడం అక్కడ సొత్తు కంటే పైన ఉంది.

అంత దూరం ఎందుకు? కనుమ రోజు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. ఏకాదశ రుద్రుల ప్రభలు (భుజాల మీద మోసే ఎత్తైన వెదురు అలంకరణలు) పచ్చటి వరి చేలల్లోంచే నడుస్తాయి, కౌశిక నది దాటి వస్తాయి. చేను తొక్కుకుపోతున్నా రైతు నోరెత్తడు, స్వామి నడిచిన చేనని సంతోషిస్తాడు. అదే రైతు మర్నాడు పక్కవాడు జానెడు గట్టు చెక్కితే కోర్టుకెళతాడు. సొత్తు మీద పట్టు రెండు రోజులూ ఒకటే, దాని మీద కూర్చున్నది మారింది.

వరస తెలుసుకోడానికి "మీకేది ముఖ్యం" అని అడిగితే "అన్నీ" అంటారు. జతలుగా అడగండి. "ఊరేగింపు పాత దారినే వెళ్లి తొమ్మిదికల్లా ముగియడం, కొత్త దారిన తెల్లవార్లూ సాగడం... ఒకటే దక్కుతుందంటే ఏది?" పాత దారే కావాలంటే వాళ్లు కాపాడుకుంటున్నది తాతల హక్కు, వేడుక కాదు. తెల్లవార్లూ కావాలంటే కుర్రాళ్ల ఉత్సాహమే పైన ఉంది. అవతలివాళ్లని కూడా అడగండి. "వీధిలోంచి వెళ్లినా మందిరం ముందు చప్పుడు ఆపడం, అసలు ఈ వీధికే రాకపోవడం..." మొదటిది చాలన్నవాళ్లు అడిగేది మర్యాద. రెండోదే కావాలన్నవాళ్లది వేరే కథ, 1వ మెట్టులో పక్కన పెట్టిన పేజీ తీయండి.

ఇలాంటి జతలు నాలుగైదు చాలు. మొదట కలిసిన 30 మందిలో పదిమందిని మళ్లీ అడగండి. ఒకే వైపు వయసుల్ని బట్టి వరస మారడం చూస్తారు. అరవై దాటినవాళ్లకి దారి ముఖ్యం, ఇరవైలోవాళ్లకి డీజే ముఖ్యం. అలా మారినచోటే రాజీకి సందు దొరుకుతుంది.

5. "మన" అన్న గీత ఎక్కడుందో చూడండి

నోటుబుక్కులో "మన", "మనోళ్లు", "మా" అన్న మాటల కింద గీత గీయండి. ప్రతిచోటా అది ఎవరిని కలుపుకుంది, ఎవరిని వదిలేసింది అని పక్కన రాయండి. "మన ఊరి జాతర" అన్నప్పుడు మందిరం వీధివాళ్లు ఊళ్లో ఉన్నారా? చందా పుస్తకంలో వాళ్ల పేర్లున్నాయా? వాళ్లు డప్పు కొట్టడానికి మాత్రమే ఊరివాళ్లయి, కమిటీ వేసేటప్పుడు కాకుండా పోతే, చిక్కు మైకుది కాదు.

గీత కదులుతుందనడానికి సాక్ష్యం ధవళేశ్వరంలోనే ఉంది. 1852 నాటికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ మనదేశం వాడు కాదు, ఇక్కడి రైతుల్లో చాలామంది మతం వాడూ కాదు. అయినా మే 15న ఆయన పుట్టినరోజుకి రైతులు విగ్రహానికి దండేస్తారు, భగీరథుడంటారు. ఇచ్చిపుచ్చుకోవడం అన్న విలువ దేశాన్నీ మతాన్నీ దాటేసింది. పక్క పేట దాకా మాత్రం రాలేదా అని అడగొచ్చు, కాకపోతే నోటితో అడక్కండి, మీ మనసులో ఉంచుకోండి.

6. కొలవగలిగినదాన్ని కొలిచి పక్కన పెట్టండి

విలువల తగువనుకున్నదాంట్లో కొంత లెక్క తెలియకపోవడమే అయి ఉంటుంది. లెక్కని విలువగా వాదించుకుంటే ఎన్నాళ్లైనా తెగదు.

మైకు సంగతే చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వేయకూడదు. పండగలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఇళ్లున్నచోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లని ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. ఇది రెండు వైపులకీ చదివి వినిపిస్తే ఒక తమాషా జరుగుతుంది. తెల్లవారుజామున 5 గంటలకి వేసే సుప్రభాతమూ తప్పే, 5 గంటల ప్రార్థన మైకూ తప్పే. ఇద్దరూ సమానంగా తప్పులో ఉన్నారని తేలాక గొంతులు తగ్గుతాయి. ఫోన్లో డెసిబెల్ యాప్ "నిన్నటికంటే ఎక్కువా తక్కువా" అని చూసుకోడానికి సరే, సాక్ష్యంగా పెట్టొద్దు.

చెరువులూ వరీ తగువైతే ఉప్పుని కొలవాలి. నీళ్లలో ఉప్పెంతో చూపే, చేతిలో ఇమిడే ఈసీ మీటర్ కొనుక్కోండి, కొలిచే ముందు క్యాలిబ్రేషన్ ద్రావణంలో సరిచూడండి. వరికి పెట్టే నీళ్లలో లవణత మీటరుకి 2 డెసిసీమెన్స్ దాకా ఉంటే దిగుబడి తగ్గదు, 4.8 దగ్గరికొస్తే సగానికి పడిపోతుందని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పట్టికలు చెబుతాయి. తూము దగ్గర, చేలోకి మళ్లే బోదెలో, చెరువు నీరు కలిసే మురుగు కాలువలో, మూడు చోట్లా ఒకే రోజు, రెండు వైపులవాళ్లూ నిలబడి ఉండగా కొలవండి. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. కాలువలు కట్టేశాక మేలో కొలిచినవాడి అంకె ఒకలా, సార్వాలో (తొలి పంటలో) నిండు కాలువ మీద కొలిచినవాడి అంకె ఇంకోలా ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఒకళ్లనొకళ్లు అబద్ధాలకోరంటారు. సముద్రానికి దగ్గర ఊళ్లలో పోటు ఏ వేళకుందో కూడా రాసుకోండి.

7. కూర్చోబెట్టండి

బడి వరండా మంచిది. గుడి అరుగూ వద్దు, మందిరం ఆవరణా వద్దు, ఎవరి మేడా వద్దు. వైపుకి ఐదుగురు. అందరికీ ఒకే రకం కుర్చీలు, టీకి ఒకే రకం గ్లాసులు. ఇది చిన్న విషయమనుకునేవాళ్లు ఎప్పుడూ వేరే గ్లాసులో తాగినవాళ్లు కారు. కుర్చీలు చాలకపోతే అందరూ చాప మీదే కూర్చోవాలి.

మొదట ఎవరి వాదన వాళ్లు చెప్పుకోవడం కాదు. ఒకరు ఎదుటి వైపు వరసని చెప్పాలి: "మీకు తాతల దారి అన్నిటికన్నా పైన, ఆ తర్వాత కుర్రాళ్ల సరదా, అంతేనాండీ?" ఎదుటివాళ్లు "అంతే" అనేదాకా లేదా సరిదిద్దేదాకా రెండో మాట మాట్లాడకూడదు. ఒక వైపుకి ఇరవై నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

ఆ తర్వాత కోరికలు. ప్రతి కోరికనీ ఎదుటివాళ్ల వరసలో పైనున్న విలువతో చెప్పాలి. "మా ప్రార్థనకి అడ్డం" అన్నది మీ విలువ, అవతలివాళ్లకి అంటదు. "మీ తాతల కాలంలో ఈ వీధిలోకి వచ్చేసరికి డప్పు ఆగేదటండీ, ఆ పద్ధతే ఉంచండి" అన్నది వాళ్ల విలువ. అయితే అది నిజమై ఉండాలి, ముసలివాళ్లని ముందే అడిగి ఖాయం చేసుకోండి. అలాగే "హక్కు మాది" అనే బదులు "క్రిస్మస్ ఊరేగింపుకి మా వీధిలో దారి మేమే కడిగి పెడతాం" అంటే చదివింపుల పుస్తకం తెరిచినట్టు.

రాసుకునే కాగితంలో గంట, దూరం, మనిషి... మూడూ ఉండాలి. "సామరస్యంగా మెలగాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. "మందిరానికి 100 అడుగుల ముందు డీజే ఆపి, డప్పుతో దాటి, మలుపు తిరిగాక మళ్లీ మొదలు, వైపుకి ఇద్దరు బాధ్యులు, రాత్రి 10కి ముగింపు" అని రాయాలి. రెండు వైపులా ఒకేలాంటి షరతు కనీసం ఒకటుండాలి. డీజే ఆపరేటర్ని కూడా పిలిచి వినిపించండి. ఎక్కువసార్లు ఒప్పందం చెడేది తాగున్న కుర్రాళ్లు అతని చేతిలో నోటు పెట్టినప్పుడే.

ఈ పద్ధతి వాడకూడని చోట్లు

ఒక వర్గాన్ని పనుల్లోకి పిలవకపోవడం, కొట్లో సరుకులివ్వకపోవడం, కౌలు పొలాలు లాక్కోవడం మొదలైతే అది అభిప్రాయ భేదం కాదు. ఎస్సీ, ఎస్టీలపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 2015 సవరణ తర్వాత 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన తగువు దళితులని వెలివేశారన్న ఆరోపణల దాకా వెళ్లింది. అక్కడికి చేరాక నోటుబుక్కు పట్టుకుని "మీ వరసేంటండీ" అని బాధితుణ్ణి అడగడం అన్యాయం. ఫిర్యాదు వెనక్కి తీసుకోమనడానికి ఈ కూర్చోబెట్టడాన్ని వాడుకునేవాళ్లూ ఉంటారు, వాళ్లకి మీ నోటుబుక్కు ఇవ్వకండి.

నిప్పంటుకున్నాక కూడా పనికిరాదు. జిల్లా పేరు మీద 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డ సాయంత్రం చేయగలిగింది పోలీసులూ ఫైరింజన్లే. పేరు, విగ్రహం, ఫ్లెక్సీ లాంటి తగువుల్లో ఈ పని చాలా ముందే, ఫ్లెక్సీ ప్రింటుకి వెళ్లకముందే మొదలవ్వాలి.

కోడి కత్తుల మీద తగువు కూడా పూర్తిగా దీనికి లొంగదు. పౌరుషం, అల్లుళ్ల రాకపోకలు, ఊరి పేరు ఒక వైపు, మూగజీవం మీద జాలి ఒక వైపు. వరస తెలుసుకోవచ్చు, ఎదుటివాడు రాక్షసుడు కాదని తెలుస్తుంది. 1960 జంతు హింస నిరోధక చట్టం మాత్రం మీ రాజీకోసం మారదు.

తర్వాత

జాతర అయిన 15 రోజుల్లోపు అదే పదిమంది మళ్లీ కూర్చోవాలి. తేదీ ఒప్పందం కాగితంలోనే రాసి ఉండాలి, "చూద్దాంలే" అంటే ఆ రోజు రాదు. ఏ షరతు తప్పిందో, ఎవరి వల్లో కాక, ఎన్నింటికి ఎక్కడ తప్పిందో చెప్పించండి. ఒప్పందం నకళ్లు మూడు తీయండి, వైపుకొకటి, బడిలో ఒకటి. మాటలు రాసుకున్న పేజీలు మాత్రం చింపి, ముగ్గురూ చూస్తుండగా పొయ్యిలో వేసేయండి.